తిరుపతి నుంచి అమెరికాకు: పెద్ద వయసులో డబ్బు, బ్యాంకు పనులు ఎలా చూసుకోవాలి

అబ్బాయి సిటిజన్ అయ్యాడు, అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు పెట్టాడు, వీసా వచ్చేసింది. ఇక ఇంట్లో టెన్షనంతా సూట్‌కేసు బరువు మీదే. ఆవకాయ ఎన్ని కేజీలు పడుతుంది, చలికోట్లు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా అని రాత్రీ పగలూ చర్చ. గాంధీ రోడ్డు బ్యాంకులో ఉన్న ఎఫ్‌డీలు, నెలనెలా పడే పెన్షను, చిత్తూరు పక్కన గుత్తకిచ్చిన మామిడితోట సంగతి ఎత్తితే మాత్రం "అవన్నీ అబ్బాయి చూసుకుంటాడులే" అని తేల్చేస్తారు.

అబ్బాయి చూసుకోలేడు. సంతకం మీది, వేలిముద్ర మీది, ఓటీపీ వచ్చేది మీ ఫోనుకు. చెయ్యాల్సిన పనుల్లో సగం పైన తిరుపతిలో, మీరు ఇక్కడుండగానే అయిపోవాలి. రేణిగుంటలో ఫ్లైటెక్కాక గుర్తొస్తే అదే పనికి పదింతలు శ్రమ. కాబట్టి ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

ముందు ఏ వీసానో తేల్చుకోండి

విజిటర్ వీసా మీద కొన్నాళ్ళు మనవళ్ళను చూసుకుని వచ్చేసేవాళ్ళయితే మీరు ఇక్కడి రెసిడెంటే. ఖాతాలు మార్చక్కర్లేదు, ఎవరైనా హడావుడి పెట్టినా మార్చకండి. ఒక ఫారెక్స్ కార్డు, చేతి ఖర్చుకు కొన్ని డాలర్లు, మంచి ట్రావెల్ ఇన్సూరెన్సు ఉంటే చాలు. కింద రాసినవాటిలో ఫోను సంగతి, మోసాల సంగతి చదువుకుని మిగతాది వదిలేయండి.

గ్రీన్ కార్డు మీద అక్కడే ఉండిపోవడానికి వెళ్తుంటే లెక్క వేరు. విదేశీ మారకానికి సంబంధించిన ఫెమా చట్టం మీ ఉద్దేశాన్ని చూస్తుంది. ఎన్నాళ్ళో తెలియకుండా ఉండిపోయే ఉద్దేశంతో దేశం దాటితే మీరు నాన్ రెసిడెంట్ అయినట్టే. ఇన్‌కం ట్యాక్స్ వాళ్ళు మాత్రం ఏడాదిలో ఎన్ని రోజులు ఇండియాలో ఉన్నారని రోజులు లెక్కపెడతారు. ఈ రెండింటినీ కలిపేసి "ఇంకా 182 రోజులు కాలేదు కదా, ఖాతా తర్వాత మార్చుకోవచ్చు" అనేవాళ్ళు చాలామంది. ఖాతాకు ఆ రోజుల లెక్క వర్తించదు.

పేర్లన్నీ ఒకేలా ఉన్నాయా చూడండి

మన వైపు పెద్దవాళ్ళ కాగితాలు తీస్తే ఒక మనిషికి నాలుగు పేర్లు కనిపిస్తాయి. పాస్‌బుక్‌లో "కె. వెంకటసుబ్బయ్య", ఆధార్‌లో "వెంకట సుబ్బయ్య కె", పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, పెన్షన్ ఆర్డరులో ఇంకో స్పెల్లింగు. ఆడవాళ్ళకైతే ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఇంకోచోట అత్తింటిది. ఇక్కడ బ్రాంచిలో మనిషిని చూసి సర్దుకుపోతారు. అక్కడ సర్దుకుపోరు.

పాస్‌పోర్టులో ఉన్న పేరే అమెరికాలో మీ పేరు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి రెండో గడి ఖాళీగా ఉంటే వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని వస్తుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. అదే అక్షరాలు బ్యాంకు కార్డు మీదికీ ఎక్కుతాయి, ఆసుపత్రిలో అదే పేరుతో పిలుస్తారు. అందుకే వీసా అప్లికేషన్‌కు ముందే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఇంటిపేరు, అసలు పేరు విడివిడిగా వేయించుకోండి. తర్వాత ఆధార్, పాన్, బ్యాంకు ఈ మూడింటినీ దానికి సరిపోయేలా మార్పించండి.

సంతకం తెలుగులో పెట్టే అలవాటుంటే అలాగే పెట్టండి, అక్కడా చెల్లుతుంది. పాస్‌పోర్టులో ఒకలా, బ్యాంకులో ఒకలా ఉంటేనే ఇబ్బంది.

ఇక్కడి ఖాతాలను ఎన్ఆర్ఓగా మార్చండి

మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ, అంటే నాన్ రెసిడెంట్లకు ఉండే రూపాయి ఖాతాగా మార్చమని బ్రాంచిలో రాసివ్వాలి. పెన్షను, ఇంటి అద్దె, తోట గుత్త, ఎఫ్‌డీ వడ్డీ, అంటే ఇండియాలో పుట్టే డబ్బంతా ఇందులోనే పడుతుంది. అక్కడి డాలర్లు ఇక్కడ దాచుకోవాలనుకుంటే ఎన్ఆర్ఈ ఖాతా వేరేగా తెరవాలి. ఎన్ఆర్ఈలో ఉన్న డబ్బును ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకెళ్ళొచ్చు. ఎన్ఆర్ఓ నుంచి అమెరికాకు పంపాలంటే ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల పరిమితి ఉంది, పన్ను కట్టినట్టు చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. మనలాంటివాళ్ళకు ఆ పరిమితితో పనిబడదు, సర్టిఫికెట్ దగ్గరే ఆలస్యమవుతుంది.

బ్యాంకు వాళ్ళు వీసా ఉన్న పాస్‌పోర్టు, అక్కడి చిరునామాకు రుజువు అడుగుతారు. చిరునామా రుజువు వెళ్ళాకగానీ దొరకదు. కాబట్టి ఫారాలు ఇక్కడే తీసుకుని, సంతకాలు మేనేజరు ముందు సరిచూపించుకుని, మిగతా కాగితాలు ఏ ఈమెయిలుకు పంపాలో రాయించుకుని రండి. ఖాతా నంబరు మారుతుందా లేదా అని కూడా అడగండి. మారితే పెన్షను ఇచ్చే ఆఫీసుకు, గ్యాస్‌కు, ఎల్ఐసీకి, అద్దెకున్నవాళ్ళకు అందరికీ చెప్పాలి.

బీరువాలో పాత పాస్‌బుక్కులు కూడా ఒకసారి తీయండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. ఆ పాత ఖాతాల్లో నాలుగైదు వేలు పడి ఉండొచ్చు, ఎప్పుడో వేసిన ఎఫ్‌డీ కూడా ఉండొచ్చు. రెండేళ్ళు లావాదేవీ లేకపోతే ఖాతా స్తంభించిపోతుంది, పదేళ్ళు దాటితే డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి వెళ్ళిపోతుంది. అవసరం లేనివి మూసేసి, ఒకటి లేదా రెండు ఖాతాలకు కుదించుకోండి.

పోస్టాఫీసు పథకాలు, పీపీఎఫ్ కొత్తగా తెరవడానికి ఎన్ఆర్ఐలకు వీల్లేదు. పాత పీపీఎఫ్ గడువు తీరేదాకా నడుపుకోవచ్చు. పొలాల విషయంలో, ఉన్న తోట మీదే, ఉంచుకోవచ్చు, గుత్తకివ్వొచ్చు. కొత్తగా వ్యవసాయ భూమి కొనకూడదు. అమ్మితే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. పీఎం కిసాన్ డబ్బు ఎన్ఆర్ఐలకు వర్తించదు, అది ఇంకా ఖాతాలో పడుతుంటే ఆపించుకోండి.

15హెచ్ ఇక చెల్లదు

పెద్దవాళ్ళకు ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. ఇన్నాళ్ళూ ఏప్రిల్లో బ్యాంకుకెళ్ళి 15హెచ్ ఫారం ఇచ్చి వడ్డీ మీద టీడీఎస్ పడకుండా చూసుకున్నారు. ఎన్ఆర్ఐలకు ఆ వెసులుబాటు లేదు. ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీ మీద మొదటి రూపాయి నుంచీ 30 శాతం, దాని మీద సెస్సు కోసేస్తారు. 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదన్న రాయితీ కూడా రెసిడెంట్లకే.

దీనికో దారి ఉంది. ఇండియా, అమెరికాల మధ్య పన్ను ఒప్పందం ప్రకారం బ్యాంకు వడ్డీ మీద ఇక్కడ 15 శాతం కడితే చాలు. అందుకు మీరు అక్కడ పన్ను కట్టేవాళ్ళని అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. దాన్ని ఫారం 6166 అంటారు. మొదటి ఏడాది అది చేతికి రాదు కాబట్టి ఎక్కువ కోసిన పన్నును రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. తిరుపతిలో ఎన్ఆర్ఐ రిటర్నులు వేసే సీఏను వెళ్ళకముందే మాట్లాడుకోండి. కొలీగు రిటర్ను వేసిపెడతాడనో, బావమరిది చూస్తాడనో వదిలేయకండి.

ఇంట్లో అద్దెకున్నవాళ్ళ సంగతి ఒకటుంది. ఇంటి యజమాని ఎన్ఆర్ఐ అయితే, అద్దె ఎంత తక్కువైనా, అద్దెకుండేవాళ్ళు టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. బైరాగిపట్టెడలో రెండు గదుల పోర్షనుకు కూడా ఇదే రూలు. ఈ సంగతి చెబితే అద్దెకుండేవాళ్ళు మనల్ని వింతగా చూస్తారు. అయినా చెప్పి, సీఏ దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళండి.

ఫోను నంబరు బతికుండాలి

ఇక్కడి సిమ్ మీద ఇంటర్నేషనల్ రోమింగు ఆన్ చేయించుకుని, ఫ్లైటెక్కేలోగా ఓటీపీ మెసేజీలు వస్తున్నాయో లేదో సరిచూసుకోండి. రెండు సిమ్‌లు పట్టే ఫోను తీసుకుంటే తిరుపతి నంబరు ఒకదాంట్లో, అమెరికా నంబరు ఇంకోదాంట్లో ఉంటుంది. రీచార్జి మానేసి నంబరు పోగొట్టుకుంటే ఆధార్, బ్యాంకు, పాన్ అన్నీ ఒకేసారి మూసుకుపోతాయి. ఆ నంబరును కొన్నాళ్ళకు ఇంకెవరికో ఇచ్చేస్తారు కూడా.

"సిమ్ ఇక్కడ తమ్ముడి దగ్గర పెట్టి వెళ్తాం, ఓటీపీ వస్తే ఫోన్ చేసి చెప్తాడు" అనేవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. చెయ్యకండి. తమ్ముడు మంచివాడే కావచ్చు. ఆ సిమ్ ఉన్న ఫోను తమ్ముడి కొడుకు చేతిలో ఉంటుంది, అది దారిలో పోతుంది, పాడవుతుంది. మీ ఖాతా తాళంచెవి మీ దగ్గరే ఉండాలి.

ఎన్ఆర్ఓ, ఎన్ఆర్ఈ ఖాతాలకు అమెరికా నంబరుతోనే యూపీఐ వాడుకోవడానికి దాన్ని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2023లో వీలు కల్పించింది. మీ బ్యాంకులో ఆ సదుపాయం ఉందేమో అడగండి.

పెన్షను, లాకరు, నామినీ, పవర్

లైఫ్ సర్టిఫికెట్ ఏటా ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు నవంబరు నెల, 80 దాటినవాళ్ళకు అక్టోబరు నుంచే. ఆర్టీసీలో రిటైరై ఈపీఎస్ పెన్షను తీసుకునేవాళ్ళు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి 12 నెలలు చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లు, దేవస్థానం పెన్షనర్లు తమ ఆఫీసులో గడువు అడిగి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అక్కడి నుంచి భారత కాన్సులేట్ ద్వారా పంపొచ్చు. వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళకు జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి 2021లోనే వచ్చింది. ఇక్కడుండగా ఒకసారి చేసి అలవాటు పడండి.

లాకరు అద్దె ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యేలా పెట్టండి. వరసగా మూడేళ్ళు అద్దె కట్టకపోతే లాకరు పగలగొట్టే హక్కు బ్యాంకుకు ఉంటుంది. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్లకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు, పిల్లలిద్దరికీ ఎవరి వాటా ఎంతో అందులోనే రాసేయొచ్చు.

ఇల్లు, పొలం చూసుకోవడానికి ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తుంటే ఫలానా పనికి అని రాసిన స్పెషల్ పవర్ ఇవ్వండి. అన్ని హక్కులూ ధారపోసే జీపీఏ వద్దు. ఇక్కడే రిజిస్ట్రార్ ఆఫీసులో రాయించుకుంటే పని తేలిక. అక్కడి నుంచి పంపాల్సి వస్తే నోటరీ, అపోస్టిల్ (పరాయి దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ముద్ర) చేయించాలి లేదా కాన్సులేట్‌లో సంతకం పెట్టాలి. ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

చేతిలో ఎంత తీసుకెళ్ళాలి

డాలరు నోట్లు మనిషికి 3,000 దాకా, మిగతాది కార్డులో లేదా బ్యాంకు ద్వారా. మన రూపాయలు 25,000 మించి బయటికి తీసుకెళ్ళకూడదు. ముడుపు కట్టి పెట్టిన డబ్బుంటే వెళ్ళే ముందే కొండకెళ్ళి హుండీలో వేసేయండి, సామి పని కూడా అయిపోతుంది. అమెరికాలో దిగేటప్పుడు కుటుంబం మొత్తం దగ్గర 10,000 డాలర్లు మించితే కస్టమ్స్‌లో రాసివ్వాలి. తీసుకెళ్ళడం తప్పు కాదు, చెప్పకపోతేనే తప్పు.

ఉన్నదంతా అమ్మేసి అబ్బాయి ఇంటి డౌన్‌పేమెంటుకు ఇచ్చేయకండి. తిరుపతి ఇల్లు అమ్మేస్తే, అక్కడ చలికి తట్టుకోలేక తిరిగి రావాలనిపించినప్పుడు ఎక్కడికి వస్తారు? కనీసం రెండేళ్ళు ఆగి చూడండి.

అక్కడ మొదటి ఖాతా

దిగిన వెంటనే ఖాతా తెరవాలని తొందర పడొద్దు. మన ఆధార్ నంబరులా అక్కడ అన్నిటికీ అడిగే సోషల్ సెక్యూరిటీ నంబరు కార్డు పోస్టులో వస్తుంది, గ్రీన్ కార్డు కూడా అంతే. అందాకా పాస్‌పోర్టులో స్టాంపు వేసిన ఇమిగ్రెంట్ వీసాయే మీ గ్రీన్ కార్డు. సోషల్ లేకుండా కూడా పాస్‌పోర్టుతో ఖాతా తెరిచే బ్యాంకులున్నాయి, అబ్బాయికి ఖాతా ఉన్న బ్రాంచిలో ముందు అడగండి.

ఖాతాలు రెండు రకాలు. రోజువారీ ఖర్చుకు చెకింగ్, దాచుకోవడానికి సేవింగ్స్. తెరిచే ముందు అడగాల్సింది ఒకటే: నెలకు ఛార్జి ఎంత, అది పడకూడదంటే ఏం చెయ్యాలి? కొన్నిచోట్ల సీనియర్లకు ఛార్జి ఉండదు, కొన్నిచోట్ల కనీస నిల్వ ఉంచాలి. ఖాతాలో లేని డబ్బు ఖర్చు పెడితే ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు పడుతుంది, దాన్ని ఆపేయమని అక్కడే చెప్పండి. డిపాజిట్లకు బీమా ఇచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ బోర్డు ఉన్న బ్యాంకులో మనిషికి 2,50,000 డాలర్ల దాకా బీమా ఉంటుంది. ఇక్కడ 5 లక్షల రూపాయలకే.

ఖాతా మీ పేరున తెరవండి. అమ్మగారి పేరున ఇంకోటి, లేదా భార్యాభర్తలిద్దరి పేరున ఒకటి, ఇద్దరికీ విడివిడిగా కార్డులు. తిరుపతిలో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి ఒక్క చెక్కు మీద సంతకం పెట్టని అమ్మలు ఎందరో. అక్కడ ఆయనకు ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో ఉంటే, పాలప్యాకెట్టు కొనాలన్నా కోడలి వైపు చూడాల్సి వస్తుంది. ఆ పరిస్థితి రాకూడదు.

కొడుకుని జాయింటుగా పెట్టుకోవడం తేలికే. కానీ అక్కడ జాయింటు ఖాతా అంటే ఆ డబ్బు అతనిది కూడా. అతని అప్పులవాళ్ళు దాని మీదికి రావచ్చు, విడాకుల గొడవల్లో అది కూడా లెక్కకొస్తుంది. దాని బదులు ఖాతా మీ పేరునే ఉంచి, మీ తర్వాత ఎవరికి చెందాలో పీఓడీ అనే గడిలో కొడుకు పేరు రాయండి. మీకు చేతకాని రోజున అతను నడపడానికి డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి లాయరుతో రాయించుకోండి.

ఇక నెల ఖర్చు. పిల్లల్ని డబ్బు అడగాలంటే మనవాళ్ళకు మొహమాటం. పొద్దున్నుంచి రాత్రిదాకా మనవడిని చూసుకుంటారు, ఇరవై డాలర్లు అడగాలంటే గొంతు పెగలదు. ఆ మొహమాటం తీరాలంటే ప్రతినెలా ఒకటో తేదీన మీ ఖాతాలోకి ఇంత అని ఆటోమేటిగ్గా పడేలా పెట్టమనండి. మీ గ్రీన్ కార్డు కోసం అబ్బాయి ఐ-864 అనే అఫిడవిట్ మీద సంతకం పెట్టాడు. మిమ్మల్ని పోషిస్తానని అమెరికా ప్రభుత్వానికి రాసిచ్చిన కాగితం అది. ఆ మాట మీరు గుర్తుచెయ్యక్కర్లేదు గానీ, మీకు తెలిసి ఉండాలి.

చెక్కు రాయడం, కార్డు వాడటం

అక్కడ ఇంటి పనివాళ్ళకు, గుళ్ళో పూజకు ఇంకా చెక్కు అడిగే చోట్లున్నాయి. మొదటి చెక్కు ఇంట్లో కూర్చుని రాసి చూడండి. కుడివైపు పైన తేదీ. ముందు నెల, తర్వాత రోజు. 2026 మార్చి 5 అంటే 03/05/2026. మన అలవాటు ప్రకారం 05/03 అని రాస్తే అది మే 3 అవుతుంది, ముందు తేదీ వేసిన చెక్కని పక్కన పెట్టేయొచ్చు. "పే టు ది ఆర్డర్ ఆఫ్" దగ్గర పేరు. పక్కన గడిలో అంకెల్లో 1,250.00. కింది గీత మీద ఇంగ్లీషు అక్షరాల్లో "వన్ థౌజండ్ టూ హండ్రెడ్ ఫిఫ్టీ అండ్ 00/100", సెంట్లు లేకపోయినా ఆ 00/100 రాయాలి. మిగిలిన ఖాళీలో గీత కొట్టేయండి. ఎడమవైపు కింద మెమో దగ్గర దేనికో రాసుకోవచ్చు, కుడివైపు సంతకం. లక్ష అనే మాట అక్కడ లేదు, కామా మూడేసి అంకెలకు పడుతుంది. చెక్కు అడుగున ఎడమ చివర ఉండే తొమ్మిది అంకెలు రూటింగ్ నంబరు, మన ఐఎఫ్ఎస్‌సీ చేసే పని అది చేస్తుంది.

కార్డు దగ్గర మనవాళ్ళు తికమక పడే విషయం, అక్కడ ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు చాలాసార్లు ఓటీపీ అడగరు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు తెలిస్తే చాలు, డబ్బు వెళ్ళిపోతుంది. కాబట్టి కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి. డెబిట్ కార్డు పోయిందని రెండు పనిదినాల్లోపు చెబితే మీ నష్టం 50 డాలర్లు మించదు. ఆలస్యం చేస్తే 500 దాకా పోతుంది, స్టేట్‌మెంటు వచ్చిన 60 రోజులకు కూడా చెప్పకపోతే ఆ తర్వాత పోయినదానికి లెక్కే లేదు. క్రెడిట్ కార్డుకైతే చట్టప్రకారం 50 డాలర్లే గరిష్ఠం. బయట ఖర్చుకు క్రెడిట్ కార్డే మేలని నేననేది అందుకే.

కానీ వెళ్ళగానే క్రెడిట్ కార్డు ఇవ్వరు. ఇక్కడి సిబిల్ స్కోరు అక్కడ పనికిరాదు, అక్కడ 300 నుంచి 850 దాకా ఉండే స్కోరు సున్నా నుంచి కట్టుకోవాలి. కొంత డిపాజిట్ కట్టించుకుని ఇచ్చే సెక్యూర్డ్ కార్డు తీసుకోండి, లేదా అబ్బాయి తన కార్డు మీద మిమ్మల్ని ఆథరైజ్డ్ యూజరుగా చేర్చొచ్చు. నెలకు ఒకటి రెండు కొనుగోళ్ళు చేసి బిల్లు పూర్తిగా కట్టేస్తే స్కోరు పెరుగుతుంది.

తిరుపతి ఎఫ్‌డీలు అమెరికాకు చెప్పాలి

గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళ ఆదాయం ప్రపంచంలో ఎక్కడ వచ్చినా అమెరికా లెక్క అడుగుతుంది. తిరుపతి అద్దె, ఎన్ఆర్ఈ వడ్డీతో సహా ఎఫ్‌డీ వడ్డీలు, తోట గుత్త అన్నీ. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ మినహాయింపు వస్తుంది. చాలామందికి చివరికి కట్టాల్సిన పన్ను ఏమీ తేలకపోవచ్చు, అయినా లెక్క చెప్పాలి.

దానికి తోడు ఎఫ్‌బార్ అనే రిపోర్టు ఉంది. ఇండియాలోని ఖాతాలు, ఎఫ్‌డీలు అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే, అంటే సుమారు తొమ్మిది లక్షల రూపాయలు దాటితే, ఆన్‌లైన్‌లో చెప్పాలి. గడువు ఏప్రిల్ 15, దాటితే అక్టోబరు 15 దాకా దానంతటదే పొడిగింపు ఉంటుంది. ఇది పన్ను కాదు, ఉన్నవి చెప్పడమే. చెప్పకపోతే జరిమానా మాత్రం వేలల్లో. నాన్న ఎఫ్‌డీ మీద జాయింటుగా అబ్బాయి పేరుంటే అతనూ తన ఎఫ్‌బార్‌లో చూపించాలి, ఇది చాలామంది పిల్లలకు తెలియదు. ఇక్కడి మ్యూచువల్ ఫండ్లకు అక్కడ వేరే కష్టమైన ఫారం ఉంది. దాన్ని నింపే అక్కడి అకౌంటెంటు, సీపీఏ, ఫీజే ఫండు లాభాన్ని తినేస్తుంది. వెళ్ళకముందే వాటిని అమ్మేయడం గురించి సీఏతో మాట్లాడండి.

మన లెక్క ఏప్రిల్ నుంచి మార్చి, వాళ్ళది జనవరి నుంచి డిసెంబరు. అందుకే బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ అక్కడ నేరుగా సరిపోదు. జనవరి మొదటివారంలో ప్రతి ఖాతా స్టేట్‌మెంటు డౌన్‌లోడ్ చేసుకుని పెట్టుకుంటే సీపీఏ దగ్గర పని సగమవుతుంది.

వైద్యం ఖర్చు ఒక్క మాటలో: 65 దాటినా, గ్రీన్ కార్డు మీద వరసగా ఐదేళ్ళు అక్కడ ఉంటేగానీ డబ్బు కట్టి, పెద్దవాళ్ళకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరే వీలుండదు. ఆ ఐదేళ్ళకు ఇన్సూరెన్సు ప్రీమియం ఎవరు కడతారో వెళ్ళకముందే పిల్లలతో తేల్చుకోండి.

ఫోన్ వస్తే

"సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ నంబరు మీద కేసుంది" అని ఒక ఫోను. "ఐఆర్ఎస్‌కు బాకీ ఉన్నారు, గ్రీన్ కార్డు రద్దవుతుంది" అని ఇంకోటి. ఈ మధ్య తెలుగులోనే మాట్లాడి, వీడియోలో ఖాకీ బట్టలు చూపించి, డిజిటల్ అరెస్టు చేశామంటున్నారు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. అమెరికాలో ఏ ప్రభుత్వ ఆఫీసూ గిఫ్టు కార్డు కొని వెనకున్న నంబరు చెప్పమనదు.

ఇలా వస్తే వాదించకండి, పెట్టేయండి. బ్యాంకు నుంచి అని చెబితే మీ కార్డు వెనకున్న నంబరుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడి బ్యాంకు యాప్‌లలో ఉండే జెల్ ద్వారా పంపిన డబ్బు మన యూపీఐ లాగే క్షణంలో వెళ్ళిపోతుంది, వెనక్కి రావడం దాదాపు ఉండదు. తెలిసినవాళ్ళకు తప్ప వాడొద్దు. సోషల్ కార్డు పర్సులో పెట్టుకుని తిరగకండి. మూడు క్రెడిట్ బ్యూరోల దగ్గర, అంటే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్‌లలో, మీ ఫైలుకు ఫ్రీజ్ పెట్టించండి. అది ఉచితం, మీ పేరు మీద వేరేవాళ్ళు అప్పు తీసుకోకుండా ఆపుతుంది. కార్డుకు అప్లై చేసే రోజున తీసేసి మళ్ళీ పెట్టుకోవచ్చు. తిరుపతి ఖాతాలో డబ్బు పోతే ఇక్కడున్న బంధువులతో వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

ఇంటికి పంపడం, తిరిగి రావడం

అక్కడి నుంచి చెల్లెలి కూతురి పెళ్ళికో, ఇంటి రిపేరుకో పంపాలంటే మీ బ్యాంకు ఖాతా నుంచి యాప్ ద్వారా పంపండి. 2026 జనవరి 1 నుంచి నోట్ల కట్ట తీసుకెళ్ళి కౌంటర్లో కట్టి విదేశానికి పంపితే 1 శాతం పన్ను పడుతోంది, ఖాతా నుంచి, అక్కడి డెబిట్ కార్డు నుంచి పంపితే పడదు.

బ్రహ్మోత్సవాలకో సంక్రాంతికో వచ్చినప్పుడు బ్యాంకుకు ఒక పూట కేటాయించండి. లాకరు తెరిచి చూడటం, పాస్‌బుక్ వేయించడం, కేవైసీ గడువు అడగడం, సీఏను కలవడం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఆరు నెలలు దాటి ఇక్కడుంటే తిరిగి వెళ్ళేటప్పుడు ప్రశ్నలు ఎదురవుతాయి, ఏడాది దాటేలా ఉంటే బయల్దేరేముందే రీఎంట్రీ పర్మిట్‌కు అప్లై చెయ్యాలి.

పూర్తిగా తిరిగొచ్చేస్తే ఎన్ఆర్ఓ ఖాతాను మళ్ళీ రెసిడెంట్ ఖాతాగా మార్పించండి, వడ్డీ మీద టీడీఎస్ పడకుండా ఫారం ఇచ్చే సదుపాయం మళ్ళీ వస్తుంది. అమెరికా ఖాతాలో మిగిలిన డబ్బు అక్కడే ఉంచుకోవచ్చు, ఫెమా ఒప్పుకుంటుంది. కొన్నేళ్ళకు ఇక్కడి రిటర్నులో దాన్ని చూపించాల్సి వస్తుంది, ఎప్పటి నుంచో సీఏ చెబుతారు. గ్రీన్ కార్డు వాడటం మానేసి బీరువాలో పడేస్తే సరిపోదు. ఐ-407 ఫారం నింపి తిరిగిచ్చేసి ఆ కాపీ దాచుకోండి. అది ఇవ్వనంతకాలం అమెరికా పన్ను లెక్కల్లో మీరు ఇంకా అక్కడి మనిషే, అక్కడ రిటర్ను వేసే బాధ్యత తిరుపతిలో కూర్చున్నా వర్తిస్తుంది.